రాని సీజన్‌ రాశారా? రెజ్యూమెలో పెట్టండి!

‘స్టార్‌ ట్రెక్‌’ నౌకది ఐదేళ్ల యాత్ర. 1969లో మూడో సీజన్‌తోనే, 79 ఎపిసోడ్ల దగ్గర ఆపేశారు. మిగతా యాత్రను అభిమానులే ఊహించుకున్నారు. 2013-17 మధ్య కొందరైతే పాత సెట్లు, దుస్తులు అచ్చంగా అలాగే తయారుచేసి 11 ఎపిసోడ్లు తీశారు.

ఇదంతా టైంపాసేనా? పాత కథతో ఎక్కడా తేడా రాకుండా చూసుకోవడం, పదిమందితో కలిసి పనిచేయడం... కంపెనీలు అడిగేవీ ఇవేగా! అభిమానిగా స్క్రిప్టు రాసిచ్చిన రొనాల్డ్‌ డి. మూర్‌కి 1989లో ‘స్టార్‌ ట్రెక్‌: ద నెక్స్ట్‌ జనరేషన్‌’లో రచయితగా చోటు దక్కింది.

కొనితెచ్చిన మేజర్‌ ప్రాజెక్టు గురించి రెండో ప్రశ్నకే తడబడతారు. మీరు రాసుకున్న ‘నాలుగో సీజన్‌’ గురించి గంటసేపు చెప్పగలరు. మరి దాన్నెందుకు దాచడం? ‘నేను ఫ్యాన్‌ని’ అని ఊరుకోకుండా ఏం చేశారో చూపించండి. ఆ పాత్రలు మీవి కావు, అమ్ముకోలేరు. నేర్చుకున్న పని మాత్రం మీదే.