ఒకే సఫ్‌, రెండు లెక్కలు

రాయలసీమ ముస్లింల స్థితిగతులపై జరిగే చర్చల్లో ఒక లోపం పదేపదే కనిపిస్తుంది. 'ముస్లింలు' అనే ఒక్క మాట కింద అందరినీ చేర్చి, ఒక సగటు అంకె తీసి, దాని మీదనే వాదోపవాదాలు సాగిస్తాము. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లా జనాభాలో దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు ముస్లిం. కడప జిల్లాలోనూ ఇంచుమించు అంతే. ఇంత పెద్ద సముదాయం ఒకే తీరుగా బ్రతుకుతున్నదనుకోవడం వాస్తవానికి దూరం. మస్జిదులో భుజం భుజం కలిపి ఒకే సఫ్‌లో నిలబడే దూదేకుల సోదరునికీ, షేక్ సోదరునికీ బయటికి వచ్చాక దొరికే కులధ్రువీకరణ పత్రం వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు, తాతల నాటి వృత్తి వేరు. ఆఖరుకు తోటి ముస్లింల నుండి దక్కే మర్యాద కూడా వేరే. ఈ రెండు వర్గాల స్థితిని పక్కపక్కన పెట్టి చూడవలసిన సమయం వచ్చింది. ఎందుకంటే 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగనున్న జనగణనలో కులం కూడా నమోదు కాబోతున్నది.

పోలిక అనగానే కొందరు నొచ్చుకుంటారు. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని తేల్చడానికే పోలుస్తారన్న భయం మనలో ఉంది. నిజానికి పోలికతో తేలవలసింది అది కాదు. రాజ్యం ఎవరి చేతిలో ఏ కాగితం పెట్టింది, సమాజం ఎవరికి ఏ చోటు ఇచ్చింది అన్నది తేలాలి. ఒక సముదాయం వెనుకబాటుకు దాని స్వభావమే కారణమని చెప్పేవారికి ఇంతకు మించిన జవాబు లేదు.

దూరపు ఉదాహరణ ఒకటి చూడండి. ఒకే అమెరికా దేశంలో క్యూబా నుండి వచ్చిన శరణార్థులు ఉన్నారు, అనాదిగా ఆ నేల మీదనే ఉన్న షోషోనీ ఆదివాసులూ ఉన్నారు. క్యూబా వారికోసం ఆ ప్రభుత్వం 1961లో ప్రత్యేక శరణార్థి సహాయ కార్యక్రమం ప్రారంభించింది. 1966లో వారి శాశ్వత నివాసానికి దారి చూపే చట్టమే చేసింది. నెవాడా ప్రాంతపు పశ్చిమ షోషోనీలకు 1863 నాటి రూబీ వ్యాలీ ఒప్పందం ఉంది. భూమిని అప్పగిస్తున్నట్లు అందులో ఎక్కడా లేదు. అయినా భూమి చేజారింది. అణ్వస్త్ర పరీక్షల క్షేత్రం సైతం వారి నేల మీదనే వెలిసింది. పరిహారంగా 1979లో సుమారు 2 కోట్ల 60 లక్షల డాలర్లు నిర్ణయిస్తే, తమకు కావలసింది భూమి కాని డబ్బు కాదని వారు తీసుకోలేదు. ఖజానాలో వారి పేరిట సొమ్ము జమ అయింది కనుక చెల్లింపు జరిగినట్లేనని 1985లో ఆ దేశ సుప్రీంకోర్టు తేల్చింది. ఒకరికి చట్టం నిచ్చెన అయింది, మరొకరికి గోడ అయింది. ఇందులో ఎవరి కష్టపడే గుణానికీ, ఎవరి సోమరితనానికీ ప్రమేయం లేదు. పైగా క్యూబా వారందరూ కూడా ఒకటి కాదు. 1980లో మారియెల్ రేవు నుండి పడవలెక్కి వచ్చిన సుమారు లక్షా పాతిక వేల మందిలో పేదలు, నల్లజాతివారు ఎక్కువ. మొదటి తరంలో వచ్చిన సంపన్నులకు దొరికిన ఆదరణ వారికి దొరకలేదు. ఒకే పేరు కింద కూడా రెండు బ్రతుకులుంటాయి.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాము. 2001 జనగణనలో దేశం మొత్తం మీద ముస్లింల అక్షరాస్యత 59.1 శాతమే. దేశ సగటు కంటే అది తక్కువ. కాని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర సగటు 60.5 శాతం ఉంటే ముస్లింలది 68 శాతం. ఈ అంకెను చూపి, ఇక్కడి ముస్లింలకు వచ్చిన లోటేమీ లేదని వాదించినవారున్నారు. వారు చెప్పని సంగతి ఒకటుంది. ఈ రాష్ట్రంలో ముస్లింలలో సగానికి పైగా పట్టణవాసులు. పట్టణంలో బడి దగ్గరగా ఉంటుంది కనుక అక్షరాలు వస్తాయి. అక్షరాలు వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు, పొలం రాదు, బ్యాంకు అప్పు అంతకన్నా రాదు. ముస్లింలు ఎక్కువగా ఉండే పేటలకు రుణాలు ఇవ్వడానికి బ్యాంకులు వెనుకాడుతున్నాయని 2006లో సచార్ కమిటీ స్పష్టంగా రాసింది. పట్టణపు అక్షరాస్యత కలిసిన ఆ సగటులో పల్లెలోని దూదేకుల కుటుంబం పూర్తిగా కనుమరుగైపోయింది.

దూదేకులవారు, అంటే నూర్‌బాషాలు, సీమ పల్లెల్లో తరతరాలుగా ఉన్నవారు. వారి ఇంటి భాష తెలుగు. విల్లు పట్టి దూది ఏకడం, పరుపులు, బొంతలు కుట్టడం వారి కులవృత్తి. ఆదోని వంటి పత్తి మార్కెట్లున్న ఈ ప్రాంతంలో ఆ వృత్తికి ఒకనాడు గిరాకీ ఉండేది. దూది ఏకే యంత్రాలు వచ్చాయి, ఆ వెనుక ఫోము పరుపులు వచ్చాయి. విల్లు అటకెక్కింది. పోతులూరి వీరబ్రహ్మం శిష్యులలో అగ్రగణ్యుడైన సిద్ధయ్య దూదేకుల కులంవాడేనని, కడప జిల్లా ముడుమాలలో ఆయన మఠం ఉందని సీమలో అందరికీ తెలుసు. హిందువుల ఇళ్లలో ఆ పేరుకు దక్కే గౌరవం, మన ఇళ్లలో దూదేకుల పేరుకు దక్కుతున్నదా? తెలుగు మాట్లాడతారని, పేర్లలో, ఆచారాల్లో ఊరి వాసన ఉందని వారిని సగం ముస్లింలుగా చూసినవారు మనలోనే ఉన్నారు.

షేక్‌ల స్థితి మరో రకం. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నివాసం ఎక్కువగా పట్టణాల్లో. కర్నూలు నగరంలో కలిసిపోయిన మా కల్లూరు వంటి చోట్ల మెకానిక్ షెడ్లు, వెల్డింగ్ దుకాణాలు, తోపుడుబండ్లు, ఆటోలు, కుట్టుమిషన్లే వారి ఆస్తి. కడప వైపు, ముఖ్యంగా రాయచోటి ప్రాంతంలో, కువైట్ వెళ్లి సంపాదించి పంపే సొమ్ముతో పొయ్యి వెలిగే ఇళ్లు ఎన్నో. వీరిని చూసి 'నవాబుల వారసులు' అనడం కొందరికి అలవాటు. కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లోనే ఆంగ్లేయులు గద్దె దించారు. కడప నవాబు అంతకు అరవై ఏళ్ల ముందే, 1779లో, హైదర్ అలీకి లొంగిపోయాడు. ఆ నవాబులు ఏలిన రోజుల్లో సైతం బండి తోసేవానికి సింహాసనంలో వాటా లేదు. గడిచిపోయిన వైభవాన్ని పేదవాని నెత్తిన రుద్ది అతని హక్కును కాదనడం ఎక్కడి న్యాయం?

రాజ్యం ఇచ్చిన కాగితాల సంగతి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. సామాజికంగా చిన్నచూపుకు గురైన దూదేకులవారికి గుర్తింపు ముందుగా వచ్చింది. అనంతరామన్ కమిషన్ సిఫారసులపై 1970లో ప్రకటించిన వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాషాలు బి గ్రూపులో చేరారు. షేక్‌లు మరో 37 ఏళ్లు ఆగవలసి వచ్చింది. 2004లో ఉత్తర్వు ఇస్తే హైకోర్టు కొట్టివేసింది. 2005లో చట్టం చేస్తే అదీ నిలవలేదు. పి.ఎస్.కృష్ణన్ నివేదిక ఆధారంగా 2007లో వచ్చిన చట్టం షేక్, ఖురేషీ, హజామ్, ఫకీరు, లబ్బి, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లిం వంటి వర్గాలకు ఇ గ్రూపు కింద 4 శాతం కేటాయించింది. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారిని మినహాయించింది. అంటే మతాన్ని చూసి కాదు, వెనుకబాటును చూసి ఇచ్చిన హక్కు అది.

రెండు కాగితాలనూ కొలిచి చూడండి. దూదేకులవారిది ముందుగా వచ్చిన కాగితం. కోర్టు వివాదాల నీడ దానిపై లేదు. కాని బి గ్రూపులోని ఆ 10 శాతాన్ని కురుబ, ఈడిగ, పద్మశాలి, విశ్వబ్రాహ్మణ, కుమ్మరి, తొగట వంటి అనేక పెద్ద కులాలతో పంచుకోవాలి. పంపకంలో దూదేకుల వాటా ఎంత అన్న లెక్క మన దగ్గర లేదు. షేక్‌లది ఆలస్యంగా వచ్చిన కాగితం. 4 శాతం ముస్లిం వెనుకబడిన వర్గాలకే చెందుతుంది. కాని అది గాలిలో దీపం. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల హైకోర్టు ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఆ చట్టాన్ని కొట్టివేసింది. అదే ఏడు మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆసరాతో అది నిలబడి ఉంది. ఒకరికి భద్రత ఉంది, వాటా తెలియదు. మరొకరికి వాటా తెలుసు, భద్రత లేదు.

ఈ రెండు జబ్బులకూ మందు ఒకటే. అది లెక్క. హైకోర్టు చట్టాన్ని కొట్టివేసినప్పుడు వెనుకబాటును నిర్ణయించిన పద్ధతినీ, దానికి ఆధారమైన సమాచారాన్నీ తప్పుపట్టింది. ఆవేదనకు న్యాయస్థానంలో విలువ తక్కువ, అంకెకు విలువ ఎక్కువ. 1931 తరువాత దేశంలో పూర్తి కులగణన వివరాలు వెలువడలేదు. 2011లో సేకరించిన కుల వివరాలు బయటికి రాలేదు. లెక్క జరిగితే ఏమవుతుందో పొరుగున తెలంగాణ చూపించింది. 2024 చివర జరిగిన అక్కడి సర్వేలో ముస్లింలు 12.56 శాతమని, అందులో వెనుకబడిన తరగతుల ముస్లింలే 10.08 శాతమని, మిగిలినవారు 2.48 శాతమని తేలింది. ముస్లింలలో వెనుకబాటు ఎక్కడుందని అడిగేవారికి ఇక ఊహలతో జవాబు చెప్పనవసరం లేదు.

ఇస్లాంలో కులం లేదు కదా, కులం పేరు రాయించడం ధర్మవిరుద్ధం కాదా అని కొందరు పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్నలోని చిత్తశుద్ధిని గౌరవించాలి. జన్మను బట్టి ఎవరికీ ఆధిక్యం లేదన్నది మన ధర్మానికి మూలస్తంభం, అందులో సందేహం లేదు. కాని ధర్మం కాదన్నదంతా మన ఆచరణలోనూ లేదని చెప్పగలమా? దూదేకుల ఇంటి నుండి సంబంధం వస్తే ముఖం చిట్లించే ఇళ్లు లేవా? మస్జిదు కమిటీల్లో వారి పేర్లు ఎన్ని ఉన్నాయి? జుమా ప్రసంగం ఉర్దూలో సాగుతుంటే ఏమీ అర్థం కాక కూర్చున్న దూదేకుల యువకుని గురించి ఎవరైనా ఆలోచించారా? జబ్బు పేరు చెప్పినంత మాత్రాన జబ్బు పుట్టదు. పేరు దాచినంత మాత్రాన నయమూ కాదు. జనగణనలో కులం రాయించడం ఆ భేదాన్ని ఆమోదించడం కాదు, దానివల్ల జరిగిన నష్టాన్ని నమోదు చేయడం.

విడివిడిగా లెక్కపెడితే సముదాయం చీలిపోతుందన్న మరో భయం ఉంది. చీలిక లెక్కవల్ల రాదు. ఒకరి కష్టాన్ని మరొకరు పట్టించుకోకపోవడం వల్ల వస్తుంది. ఇ గ్రూపు కేసు తమది కాదని దూదేకులవారు, బి గ్రూపులో వాటా గురించి తమకెందుకని షేక్‌లు అనుకున్న రోజున ఇద్దరూ ఓడిపోతారు. ఆర్థికంగా చితికిపోయిన పఠాన్, సయ్యద్ కుటుంబాలకు 2019 నుండి ఉన్న 10 శాతం ఆర్థిక వెనుకబాటు కోటా సంగతి చెప్పి, పత్రం ఇప్పించడం కూడా ఈ పనిలో భాగమే.

కనుక మన సంఘాలు, మస్జిదు కమిటీలు, చదువుకున్న యువతీయువకులు ఇప్పుడే పూనుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి. గణకుడు ఇంటికి వచ్చినప్పుడు మతం ఇస్లాం అని, కులం తమ ధ్రువీకరణ పత్రంలో ఉన్న పేరుతోనే చెప్పాలని ప్రతి మహల్లాలో వివరించాలి. ఒకే ఇంట్లో అన్న 'ముస్లిం' అని, తమ్ముడు 'దూదేకుల' అని, మరొకరు 'నూర్‌బాషా' అని రాయిస్తే లెక్క చెల్లాచెదురవుతుంది. పల్లెల్లో విడివిడిగా ఉన్న దూదేకుల కుటుంబాల దగ్గరికి పట్టణ కార్యకర్తలు వెళ్లాలి. జుమా ప్రసంగంలో కొంత భాగమైనా తెలుగులో ఉండాలి. దానివల్ల ఉర్దూకు జరిగే నష్టం లేదు. 2022లో రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయిన ఉర్దూకు బడుల్లో ఉపాధ్యాయులు కావాలని అడగడం ఎంత అవసరమో, తెలుగే మాతృభాష అయిన ముస్లింను పరాయివానిగా చూడకపోవడం అంతే అవసరం.

కర్నూలులో ఉస్మానియా కళాశాలను 1947లో స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హక్ పేరిట నేడు ఉర్దూ విశ్వవిద్యాలయమే నడుస్తున్నది. చదువే దారి అని ఆ పెద్దలు ఏనాడో నమ్మారు. ఆ దారిలో పరుపులు కుట్టేవాని కూతురు, బండి తోసేవాని కొడుకు ఎంతెంత దూరం నడవగలిగారో, ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలుసుకోకుండా సముదాయం ఉన్నతి గురించి మాట్లాడడం గాలిలో మేడలు కట్టడమే. సఫ్ ఒక్కటిగానే ఉండాలి. అందులో నిలబడిన ప్రతి ఒక్కరి లెక్కా విడిగా తేలాలి.