తాటాకు కప్పు మీద మనకెందుకింత మోజు?

ఈమధ్య తెలుగులో వస్తున్న యాత్రా వ్యాసాల్లో సముద్రం ఒడ్డున గుడిసె ఒక తప్పనిసరి సరుకైపోయింది. గోకర్ణ కావచ్చు, గోవా కావచ్చు, మన సూర్యలంకే కావచ్చు. వెదురు తడిక, తాటాకు కప్పు, దోమతెర, బక్కెట్ నీళ్ళ స్నానం. రెండు రాత్రులు గడిచేసరికి వ్యాసకర్తకి జ్ఞానోదయం అవుతుంది: మనిషి బతకడానికి ఇంతకన్నా ఏం కావాలి? మూడో రోజు పొద్దున చెక్ అవుట్.

నా తగాదా గుడిసెలో పడుకోవడంతో కాదు. తక్కువ ఖర్చుతో తిరగడం మంచిదే. రిసార్టు కన్నా గుడిసెకి నీళ్ళూ కరెంటూ తక్కువే పడతాయి. నా తగాదా ఆ జ్ఞానోదయంతో. మా కార్ఖానా వైపు అపార్ట్‌మెంట్లలో నీళ్ళ ట్యాంకర్ ఒక పూట ఆలస్యమైతే వాట్సాప్ గ్రూపులో యుద్ధం జరుగుతుంది. అదే మనుషులు సముద్రం ఒడ్డున బక్కెట్ నీళ్ళతో స్నానం చేస్తే మాత్రం అది తాత్త్వికత! రెండు చోట్లా బక్కెట్ ఒకటే. అక్కడ జేబులో రిటర్న్ టికెట్ ఉంటుంది, అంతే తేడా. ఆ టికెట్ సంగతి దాచేసి గుడిసె గొప్పదనం గురించి రాస్తే అది సగం నిజమే అవుతుంది.

ఇంతవరకైతే నవ్వుకుని వదిలేయొచ్చు. వదలలేనిది ఇలాంటి వ్యాసాల్లో తరచూ కనిపించే ఇంకో మాట: "సిమెంటు ఇళ్ళొచ్చి ఊరి అందం పోయింది."

ఎవరి కంటికి పోయింది?

1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున ఊళ్ళ మీదకొచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే చనిపోయినవాళ్ళు 10,000 మందికి అటూ ఇటూ. ఆ ఊళ్ళలో ఎక్కువమందికి నీడనిచ్చింది తాటాకు కప్పే. నీళ్ళొచ్చినప్పుడు ఎక్కి నిలబడడానికి మేడలు లేవు, ముందుగా హెచ్చరిక అందే దారీ సరిగ్గా లేదు. తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు, పక్కా ఇళ్ళు అన్న ఆలోచన బలపడింది ఆ శవాల గుట్టల తర్వాతే. 1990 మేలో మళ్ళీ కృష్ణా డెల్టా మీదకే పెద్ద తుఫాను వచ్చింది. ఈసారి మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. ముందే హెచ్చరించారు, లక్షమందికి పైగా జనాన్ని తరలించారు, తరలించిన వాళ్ళని ఉంచడానికి గట్టి కట్టడాలు ఉన్నాయి. స్లాబు ఒక్కటే కాపాడిందని నేననడం లేదు. కానీ ఆ తీరంలో సిమెంటు కప్పు వెనక ఇంత చరిత్ర ఉంది. దాన్ని 'అందం పోయింది' అని ఒక్క ముక్కలో కొట్టిపారేయడం అమాయకత్వం కాదు, మోటుతనం.

పోనీ, మనం మెచ్చుకునే గుడిసె అసలు గుడిసేనా? ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు కట్టేవాళ్ళు. గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేలని తాకే చూరు. నడుం వంచితే గానీ లోపలికి వెళ్ళలేం. గాలి పట్టు దొరక్క జారిపోవాలని ఆ గుండ్రం, ఆ వంపు. అది అవసరంలోంచి పుట్టిన ఇంజనీరింగ్. రెండు మూడేళ్ళకోసారి కప్పు మార్చాలి, ఎండాకాలం నిప్పురవ్వ పడితే వాడంతా బూడిద. టూరిస్టు కాటేజీకి చూరు ఎత్తుగా ఉంటుంది, ఎందుకంటే మనం నడుం వంచం. సముద్రం వైపు పెద్ద కిటికీ ఉంటుంది, ఎందుకంటే మనకి వ్యూ కావాలి. తుఫాను సీజన్లో విప్పేసుకోవచ్చు కూడా. అక్కడే ఉండే మనిషి ఇల్లు విప్పుకుని ఎక్కడికి పోతాడు?

చట్టమూ చిత్రంగానే ఉంది. 2019 జనవరిలో వచ్చిన సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత తక్కువున్న పల్లె తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల వరకు కొత్త కట్టడాల మీద ఆంక్షలున్నాయి. ఉన్న ఇల్లు బాగుచేసుకోవచ్చు గానీ విస్తీర్ణం పెంచకూడదు. మత్స్యకారులకి కొన్ని మినహాయింపులున్నాయి, వాటికి షరతులూ ఉన్నాయి. అదే తాత్కాలిక టూరిస్టు షాక్‌కైతే పోటు గీతకి 10 మీటర్ల దూరం పాటిస్తే చాలు. పర్యావరణం పేరు మీద ఆంక్షలు ఉండాల్సిందే. కానీ కొడుక్కి పెళ్ళయితే ఇంకో గది వేసుకోవాలనుకునే జాలరి ఎన్ని కాగితాలు పట్టుకు తిరగాలో, ఆ పక్కనే వెదురు బార్ ఎలా లేస్తుందో, ఏ యాత్రా వ్యాసంలోనైనా చదివారా?

"ట్రావెలాగ్ సోషియాలజీ రిపోర్టు కాదు కదా, అందాన్ని అందంగా చూడనివ్వండి" అంటారు. చూడండి. కానీ మన యాత్రాసాహిత్యానికి ఇంతకన్నా గట్టి పునాదే ఉంది. 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ప్రతి మజిలీ దగ్గరా బస దొరుకుతుందా, నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళు ఉన్నాయా అని రాసుకుంటూ పోయాడు. ఆయనేమీ బీదగా ప్రయాణం చెయ్యలేదు, పెద్ద పరివారంతో వెళ్ళాడు. ఆ సంగతి దాచలేదు కూడా. పల్లకీ మోసిన బోయీలు ఆయన రాతలో కనిపిస్తారు. దాదాపు 200 ఏళ్ళ తర్వాత మన వ్యాసాల్లో బక్కెట్ నింపి పెట్టిన మనిషి కనిపించడు. పొద్దున్నే ఇసుక ఊడ్చిన అమ్మ కనిపించదు. నేల ఎవరిది, బాడుగ ఎవరికి పోతుంది అన్న ప్రశ్నే రాదు. సూర్యాస్తమయం మాత్రం రెండు పేరాలు.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు. థాయిలాండ్‌లో 'ద బీచ్' సినిమా తీసిన మాయా బే తీరానికి జనం ఎగబడి, పగడపు దిబ్బలు దెబ్బతిని, చివరికి 2018లో దాన్ని మూసి ఏళ్ళ తరబడి విశ్రాంతి ఇవ్వాల్సొచ్చింది. చెయ్యి పడని స్వర్గం కోసం వెతుకులాట ఎలా ముగుస్తుందో ఇంతకన్నా చెప్పేదేముంది.

కాబట్టి గుడిసెలో ఉండండి, రాయండి కూడా. కాకపోతే అద్దె ఎంతో రాయండి. నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో, మరుగుదొడ్డి ఎక్కడికి పోతుందో రాయండి. గుడిసె వేసిన మనిషి తను ఎలాంటి ఇంట్లో ఉంటున్నాడో, ఎలాంటి ఇల్లు కావాలనుకుంటున్నాడో అడిగి రాయండి. ఆయన స్లాబు కావాలంటే మీ ఫొటో పాడవుతుందేమో గానీ, వ్యాసం బాగుపడుతుంది.