మధురవాణి విప్పిన ముడి

వినోదా వారి ‘కన్యాశుల్కం’ చిత్రం 1955లో వచ్చింది. గిరీశంగా రామారావు డాబుసరికి నవ్వుతాం. లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావు పీనాసితనానికీ నవ్వుతాం. ఆ ముసలాయన డబ్బు పోసి కొన్న పెళ్లికూతురు చీర కట్టిన కుర్రవాడని తెలిసి మరీ నవ్వుతాం. మేనకోడలు సుబ్బిని కాపాడుకోవడానికి కరటకశాస్త్రి పన్నిన ఎత్తు గదా అది!

కథ కల్పితమే, దాని వెనక లెక్క మాత్రం నిజం. ఆనంద గజపతి మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లకు జాబితా తీయిస్తే ఇలాంటి పెళ్లిళ్లు 1034 తేలాయని గురజాడవారే నాటకపు పీఠికలో వ్రాశారు. ఆ పెళ్లికూతుళ్లలో ముగ్గురిది ఏడాది వయస్సు!

నాటకంలో మాయపెళ్లికూతురు కనబడకపోయేసరికి అవధాన్లుమీద ఖూనీ కేసు వస్తుంది. గుట్టు తెలిసిన శాస్త్రికి, అది తన మెడకెక్కడ చుట్టుకుంటుందోనని భయం. చివరకు నిజం చెప్పింది మధురవాణి. వేశ్యల నీడకూడా పడనివ్వని వకీలు సౌజన్యారావు పంతులుకు ఆ నిజం ఆమెవల్లనే అందింది.

కన్నకూతుర్ని అమ్మినవాడూ పెద్దమనిషే, కొన్నవాడూ పెద్దమనిషే. చులకన మాత్రం మధురవాణికి! సావిత్రి ఆ పాత్రకిచ్చిన హుందాతనం చూస్తే ఈ అన్యాయం మరింత గుచ్చుకుంటుంది.

శుల్కం పోయి కట్నం వచ్చింది. 1961లో దాన్ని నిషేధించే చట్టమూ వచ్చింది. అయినా తలుపులు మూసుకుని బేరాలు సాగుతూనే ఉన్నాయి. ఏ అమ్మాయైనా ధైర్యం చేసి ఆ తలుపు తెరిస్తే, ముందుగా ఆమె నడతను తప్పుపట్టకుండా ఉండడం మన ఇళ్లలో నేర్చుకోవలసిన పాఠం.