గాలికి అడ్డొచ్చిన చట్టం, దారిచ్చిన కేబుల్

కోలారు బంగారు గనులను 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. ఆ వార్త దేశమంతా చదివింది. అదే ఏడాది, అప్పట్లో ఆ గనులూ ఉన్న బంగారుపేట తాలూకాలోని బూదికోటలో పొదుపు సంఘాల ఆడవాళ్లు రికార్డింగు స్టూడియో మొదలుపెట్టిన సంగతి మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు. హైదర్ అలీ పుట్టిన ఊరిగానే బూదికోట బయటివాళ్లకు తెలుసు. ఆ స్టూడియో పేరు 'నమ్మ ధ్వని'. మైరాడా అనే స్వచ్ఛంద సంస్థ, బెంగళూరులోని వాయిసెస్ సంస్థ కలిసి యునెస్కో సాయంతో దాన్ని నిలబెట్టాయి.

అది అక్కడే ఎందుకు పుట్టిందన్నది ముఖ్యం. పక్కనే ఉన్న కామసముద్రం ప్రాంతంలో మైరాడా 1980ల నడుమ నుంచే ఆడవాళ్ల సంఘాలతో పనిచేస్తోంది. వారం వారం కూర్చుని పద్దులు చూసుకోవడం, అప్పు ఎవరికివ్వాలో నలుగురిలో వాదించి తేల్చుకోవడం వాళ్లకు అప్పటికే అలవాటు. నలుగురిలో నోరు విప్పడం నేర్చినవాళ్ల ముందు మైకు పెట్టారంతే. కాన్పు జాగ్రత్తలు, పంటల తెగుళ్లు, బ్యాంకు అప్పులు, ఊరి పాటలు కార్యక్రమాలయ్యాయి.

చిక్కంతా వాటిని ఇళ్లకు చేర్చడంలో వచ్చింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ట్రాన్స్‌మిటర్ పెట్టకూడదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. సముదాయ రేడియో కావాలంటూ 1996లో బెంగళూరు ప్రకటన వెలువడింది. అయినా 2002 డిసెంబరులో కేంద్రం తలుపు తీసింది విద్యాసంస్థలకే. చెన్నైలో అన్నా యూనివర్సిటీ 2004లో ప్రసారాలు మొదలుపెట్టగలిగింది; పల్లె సంఘాలు 2006 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. మన అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) మహిళల స్టూడియో 1998 నాటికే సిద్ధం. అది గాల్లోకి వెళ్లింది 2008 అక్టోబరు 15న. ఆ పదేళ్లూ దళిత రైతు మహిళలు తమ గొంతును టేపుల్లోనే దాచుకోవాల్సి రావడం ప్రభుత్వం చేసిన అన్యాయం. దాన్ని ఆలస్యం అని సరిపెట్టలేం.

బూదికోట మొదట్లో టేపులనే సంఘం సమావేశాల్లో వినిపించింది. తరువాత చట్టంలోని సందును పట్టుకుంది. గాలిలో పంపితే నేరం. తీగ మీద పంపితే కేబుల్ నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. ఊరి కేబుల్ ఆపరేటరు దగ్గర ఒక చానల్ ఖాళీగా ఉంది. స్టూడియో నుంచి అక్కడికి తీగ లాగి, మాడ్యులేటర్ గుండా ధ్వనిని ఎక్కించారు. 2003కల్లా బూదికోట ఇళ్లలో టీవీ పెడితే ఊరివాళ్ల మాటలే వినిపించాయి. బొమ్మ లేదు, మాటే. లైసెన్సు కోసం ఢిల్లీ గడప తొక్కకుండా టీవీ తీగ మీద నడిచిన ఊరి రేడియో అది.

ఈ ప్రాంతానికి అలాంటిది ఎంత అవసరమో కర్ణాటక సరిహద్దు మనుషులకు చెప్పనక్కర్లేదు. కోలారు జిల్లాలో ఎన్నో పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. గనుల పట్టణానికి వెళితే తమిళం. 1995లో ఉపగ్రహ తెలుగు చానళ్లు వచ్చాక ఇక్కడివాళ్లు సీరియళ్లు, సినిమాలు తనివితీరా చూశారు. కానీ ఇదే జిల్లాలోని ములబాగిలులో బోరుబావి ఎండితే హైదరాబాదు చానల్‌కు అది వార్త కాదు, బెంగళూరుకూ కాదు. టమాటా ధర పడిపోయినా అంతే. ఆ లోటు తీర్చగలిగింది ఊళ్ల కేబుల్ చానళ్లే.

వాటిని దెబ్బతీసింది డిజిటలీకరణ. 2017 మార్చికల్లా పల్లెల్లోనూ సెట్‌టాప్ బాక్సు తప్పనిసరైంది. ప్రసారాలన్నీ పెద్ద కేబుల్ సంస్థ ప్రసార కేంద్రం (హెడ్‌ఎండ్)లో ఎన్‌క్రిప్ట్ అయ్యే రావాలి. బొమ్మ బాగుపడింది, నిజమే. కానీ బూదికోటకు చానల్ ఇచ్చినట్టు ఇవ్వడం ఇప్పుడు ఊరి ఆపరేటరు చేతిలో లేదు. కేంద్ర సమాచార ప్రసార శాఖ 2022 నవంబరు మార్గదర్శకాలు స్థానిక చానళ్లకు రిజిస్ట్రేషన్ రుసుమును వెయ్యి రూపాయలే పెట్టి, అవి మొత్తం చానళ్ల సామర్థ్యంలో 5 శాతానికి మించకూడదన్నాయి. స్థానిక వార్తలు ఇవ్వాలంటే ప్రసారం చేసే కేబుల్ సంస్థ కంపెనీగా నమోదై ఉండాలన్నాయి. వెయ్యి రూపాయలు ఏ సంఘమైనా కట్టగలదు. కంపెనీగా మారమంటేనే కష్టం. సముదాయ ఎఫ్‌ఎం తీసుకుందామంటే అక్కడ సొంత వార్తలకు అనుమతే లేదు, వార్తలు కావాలంటే ఆకాశవాణివే వినిపించాలి.

కేబుల్ చట్టం 8వ సెక్షన్ కింద దూరదర్శన్ చానళ్లను ప్రతి ఆపరేటరూ తప్పనిసరిగా చూపిస్తున్నాడు. అదే పద్ధతిలో తాలూకాకు ఒక చానల్‌ను స్థానిక సంఘాలకు, సొసైటీలకు కేటాయించాలి. వాటిని కంపెనీ షరతు నుంచి మినహాయించాలి. ఈ రెండో పనికి పార్లమెంటు కూడా అక్కర్లేదు. మార్గదర్శకాలు రాసిన సమాచార ప్రసార శాఖే ఆ వాక్యాన్ని మార్చవచ్చు.