ఇంటి కట్టడము – సూర్యగతి

రైతు తన జీవితమున ఒక్కమారు, అప్పు తెచ్చియైనను, కట్టుకొనునది ఇల్లు. అట్టి యింటికి సిమెంటెంత, ఇనుమెంత యని విచారించుచున్నారే గాని, సూర్యుడెటు నడచునని విచారించువారు తక్కువ. అందుచే కొత్తయింటిలో సైతము వేసవి రాత్రులందు నిలువలేక, ఇంటిల్లిపాదియు వాకిట మంచములు వేసికొనవలసి వచ్చుచున్నది. ఇందులకు కారణము ధనలోపము కాదు. నిట్రాళ్లు నాటకమునుపు చేయదగిన యాలోచన చేయకపోవుటయే యని మా యభిప్రాయము.

సూర్యగతి నెరిగి యిల్లు కట్టుటను చలిదేశములవారు శాస్త్రముగా నభ్యసించిరి. అమెరికాలో చికాగో సమీపమున గ్లెన్‌వ్యూ అను నూర, కెక్ అను వాస్తుశిల్పి 1940 లో నొక యింటికి దక్షిణమున విశాలమైన అద్దముల నమర్చి, శీతకాలపు టెండను లోనికి రానిచ్చి, వేసవి యెండను చూరుతో నాపెను. వారికి ఎండ కావలెను, మనకు నీడ కావలెను, సూత్రము మాత్రమొక్కటియే.

లెక్క చూడుడు. విజయవాడలో డిసెంబరు 22 ప్రాంతమున మధ్యాహ్న సూర్యుడు దక్షిణమున సుమారు 50 డిగ్రీల యెత్తున నుండును. మార్చి 21 నాటికి 73 డిగ్రీలు దాటును. మే మొదటి వారమున నడినెత్తికి వచ్చి, పిదప ఆగస్టు మొదటి వారమువరకు మధ్యాహ్నమున కొంచెముత్తరముగానే యుండును. కావున 9 అడుగుల దక్షిణపు గోడకు తలమట్టమున 3 అడుగుల చూరున్నచో, మార్చి నెలాఖరు మొదలు వేసవి యంతయు మధ్యాహ్నపు టెండ ఆ గోడను తాకదు. డిసెంబరులో మాత్రము గోడ క్రింది 5 అడుగులకు తగిలి, చలిదినములలో హితవుగా నుండును.

తూర్పు పడమరల సంగతి వేరు. ఉదయ సాయంకాలములందు సూర్యుడు క్రిందుగా నుండుటచే ఎంత చూరున్నను ఎండ తప్పదు. అందు పడమటి యెండ మరింత బాధాకరము. ఏలన, అప్పటికి గాలియు వేడెక్కియుండును. కావున సింహద్వారమే దిక్కున నుంచినను, ఇంటి పొడవు తూర్పు పడమరలుగా నుండవలెను. పడమట కిటికీలు తగ్గించి, ఆ వైపున ధాన్యపు గదియో, కొట్టమో, చెట్టో, పందిరియో యుంచవలెను. గోడకు సున్నము తరువాత వేయవచ్చును, కిటికీ మార్చవచ్చును. దూలము నెక్కించిన పిమ్మట ఇంటిని త్రిప్పజాలము.

దీనికొక ఆక్షేపణ కలదు. చూరు పెరిగినచో తుపానుగాలికి కప్పు లేచిపోవునని తీరప్రాంత రైతులందురు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ యుప్పెన నెరిగినవారి భయము కొట్టివేయదగినది కాదు. కాని యుపాయము లేకపోలేదు. దక్షిణమున వసారా వేయువారు దాని కప్పును ఇంటికప్పునకు పొడిగింపుగా గాక, వేరుగా కట్టవలెను. అప్పుడు గాలి వసారాను లేపినను ఇంటికప్పు దానితో పోదు. వాసమును దూలమునకు, దూలమును నిట్రాటకు మేకులతో సరిపెట్టక, ఇనుపపట్టీలతోను బోల్టులతోను బిగింపవలెను. చెదపట్టకుండ నిట్రాటను రాతిదిమ్మపై నిలుపువారు, దానిని దిమ్మకు ఇనుపకడ్డీతో బంధింపక విడువరాదు. తాటివాసములైనచో ముదిరి చేవగల మ్రానులనే కోయింపవలెను. కప్పు నెక్కించుటకు నలుగురు సభ్యులు బదుళ్లపై పనిచేసినచో కూలి ఖర్చును తగ్గును.

ఇదివరకే స్లాబు వేసికొన్నవారు నిరాశ చెందనక్కరలేదు. పగలంతయు త్రాగిన వేడిని స్లాబు రాత్రి లోనికి విడుచును. పైన తెల్లసున్నము పూసినచో ఎండ చాలవరకు తిరిగిపోవును. తెలంగాణ ప్రభుత్వము 2023 లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించుటయు నిట్టి ప్రయోజనము కొరకే. సున్నపుపూతను ఏటేట వేసవికి ముందు మరల వేయవలెను.

గృహములకు అప్పులిచ్చు సంఘములకు మా సూచన యొక్కటి. మొదటి వాయిదా సొమ్ము చెల్లించుటకు ముందు, సభ్యుని ప్లానులో ఉత్తరదిక్కు గురుతును, చూరు కొలతను అడుగుడు. ఇందుకు సంఘమునకు ఖర్చు లేదు. అప్పు తీర్చు సంవత్సరములన్నియు ఆ కుటుంబము ఆ కప్పుక్రిందనే కాపురముండవలెను గదా!