ఆ గింజలు ఏరకండి, ఎవరికీ పంచకండి

మీ మేడమీద కుండీలో పసుపు, నారింజ, గులాబీ రంగులు ఒకే గుత్తిలో పూసే మొక్క ఉందా? సీతాకోకచిలుకలు వాలతాయని చెప్పి నర్సరీలో అమ్మిన మొక్కేనా? అయితే పూలు రాలిన చోట చూడండి. మిరియాలంత పచ్చికాయలు, నల్లగా పండిన కాయలు కనిపిస్తే ముందు వాటిని కోసి సంచిలో వేసి మూతి గట్టిగా కట్టండి. మిగతా మాటలు ఆ తర్వాత చదవవచ్చు.

అది తలంబ్రాల మొక్క. లాంటానా అంటారు, బెంగాలీలో పుటుస్. ఆ నల్లకాయలను ఎండబెట్టి, విత్తనం తీసి, ఇరుగుపొరుగుకు పంచాలన్న ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి.

ఈ హెచ్చరిక అందరికన్నా ముందు కలకత్తాలోని మన వాట్‌గంజ్ తెలుగువాళ్ళకే చెప్పాలి. ఇక్కడి నుంచి కాస్త దిగువకు పోతే గంగ అవతలి గట్టున శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ ఉంది. 1787లో రాబర్ట్ కిడ్ నెలకొల్పిన తోట అది. అమెరికా ఖండపు లాంటానాను అందం కోసం తెచ్చి 1809లో నాటింది ఆ తోటలోనే. అప్పుడు దాని అధికారి విలియం రాక్స్‌బర్గ్. కలకత్తాకు రాకముందు మన సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను తెలుగు పేర్లతో సహా రాసిపెట్టినవాడు. మొక్కలను అంతగా ఎరిగినవాళ్ళ తోటలోంచే అది గోడ దాటిపోయింది. మనం కుండీలో కట్టడి చేయగలమా?

బుల్‌బుల్ పిట్టలూ గోరింకలూ ఆ పండు తిని ఎక్కడో రెట్ట వేస్తాయి. అక్కడ మొలుస్తుంది. నరికితే మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. దాని పొద కింద గడ్డి బతకదు, గడ్డి లేకపోతే జింకకు మేత లేదు. మన పులుల అడవుల్లో 40 శాతానికి పైగా లాంటానా పాకిందని 2020లో వెలువడిన అధ్యయనం చెప్పింది. నల్లమలలోనూ ఉంది. ఆకు తిన్న పశువులకు కామెర్లు వస్తాయి, ఎండ సోకితే చర్మం పుండ్లు పడుతుంది. వీధిలో మేకలు తిరిగే పేట మనది. పచ్చికాయలు పసిపిల్లల నోటికి కూడా ప్రమాదమే.

గుర్రపుడెక్కను చూసైనా మనం నేర్చుకుని ఉండాల్సింది. అదీ పూవు బాగుందని వచ్చిందే. దాన్ని తీయించడానికి 1936లో బెంగాల్‌లో ఏకంగా చట్టమే చేశారు. చెరువులు ఇప్పటికీ తేరుకోలేదు.

విదేశాల్లో ఉన్న పిల్లలు పంపే విత్తనాల విషయంలో మరీ జాగ్రత్త. అక్కడ సీతాకోకచిలుక పొద అంటే బడ్లియా, చైనా నుంచి వెళ్ళిన మొక్క. ఒక్క పూలకంకి వేలకొద్దీ సన్నని గింజలను గాలికి వదులుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడిన లండన్ శిథిలాల నిండా అదే మొలిచింది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం దాన్ని కలుపుమొక్కల జాబితాకెక్కించి, గింజకట్టే రకాల అమ్మకాన్ని నిషేధించింది. పైగా మన దేశంలో 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం, అనుమతీ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమూ లేకుండా విదేశీ విత్తనం తేకూడదు. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టినా అది నేరమే.

సీతాకోకచిలుకలు రావాలన్న మీ కోరిక మంచిదే. ఆ కోరిక నాకూ ఉంది. కానీ తేనె తాగడానికి వాలినంత మాత్రాన వాటి సంతతి పెరగదు. గుడ్డు పెట్టడానికి ఆకు కావాలి, ఆ ఆకు గొంగళిపురుగు తినేది కావాలి. ఒక గంధరాజ్ నిమ్మ, ఒక కరివేపాకు మొక్క పెట్టండి. నలుపు మీద లేతపసుపు మచ్చల నిమ్మ సీతాకోకచిలుక వెతుక్కుంటూ వస్తుంది. బెంగాలీలు ఆకంద్ అనే మన జిల్లేడు మీద నారింజరంగు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. దాని పాలు కంట్లో పడకుండా మాత్రం చూసుకోండి. ఆకులకు చిల్లులు పడ్డాయని మందు కొట్టకండి. ఆ చిల్లులు పడాలనే కదా మొక్క పెట్టింది.

ఇక కుండీలో ఉన్న లాంటానాను చేతికి తొడుగు వేసుకుని వేళ్ళతో సహా పెకలించండి. మేడమీదే ఎండలో పూర్తిగా ఎండనివ్వండి. టాలీ నాలా గట్టున పారేయకండి. పారేసిన పచ్చికొమ్మ తడినేల తగిలితే వేరు పట్టేస్తుంది. తీసేయడానికి మనసొప్పకపోతే, కనీసం వాడిన ప్రతి గుత్తినీ కాయ కట్టకముందే తుంచేయండి.

సెలవులకు ఊరెళ్ళడానికి షాలిమార్‌లోనో హౌరాలోనో రైలెక్కే అక్కయ్యలకు, అన్నయ్యలకు ఒక్క విన్నపం. రసగుల్లా డబ్బాలు తీసుకెళ్ళండి, ఈ మొక్క కొమ్మనూ గింజనూ మాత్రం మన ఊరి నేలకు మోసుకెళ్ళకండి.