ప్రార్థన వేరు, ప్రవర్తనా నియమావళి వేరు



నేను చేసిన ఒక పొరపాటుతో ఈ విషయం మొదలుపెట్టవలసి ఉన్నది. మా పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివి, నేడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక పూర్వ విద్యార్థిని కొన్ని నెలల క్రితం నాకొక పని అప్పగించినది. ఆమె, మరికొందరు యువకులు సెలవు దినాలలో కూర్చుని ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోనికి తెస్తున్నారు. అందులో పాల్గొనే వారందరికీ వర్తించే ప్రవర్తనా నియమావళి ఆంగ్లంలో మాత్రమే ఉన్నదనీ, దానిని తెలుగు చేసి ఇవ్వవలసినదనీ కోరినది.

నేను ఉత్సాహంగా చేశాను. ఆ ఉత్సాహం కొంత ఎక్కువైనది. పైన ఒక సరస్వతీ ప్రార్థన ఉంచాను. శీర్షికను 'ధర్మసూత్రాలు' అన్నాను. ఇతరులను కించపరచరాదు అని ఉన్నచోట పాపపుణ్యాల ప్రస్తావన కూడా చేర్చి, మూలం కన్నా అనువాదమే బాగున్నదని నాలో నేను మెచ్చుకొని పంపించాను. రెండు రోజుల తరువాత ఆమె ఫోను చేసినది.

"తెలుగు చాలా బాగుంది సార్. కాని మా జట్టులో నేనున్నాను, ఒక క్రైస్తవ స్నేహితుడున్నాడు, దేవుణ్ణి నమ్మనివాళ్లు ఇద్దరున్నారు. ఇది చదివితే ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్లు ఉంటుంది సార్. మన ఇల్లే అనిపించదు."

ఆమె ముస్లిము. ఐదేళ్లు నా తరగతిలో కూర్చున్న పిల్ల. పద్యాలు అందరికన్నా స్పష్టంగా చదివేది. ఉదయపు ప్రార్థనలో ఆమె పెదవులు కదిలేవో లేదో నేను ఎన్నడూ గమనించి ఉండలేదు.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటని అడిగే తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. సాఫ్ట్‌వేర్ మూలపాఠాన్ని దాచిపెట్టక, ఎవరైనా చదువవచ్చు, మార్చుకొనవచ్చు, పంచుకొనవచ్చు అని అనుమతించే పద్ధతి అది. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ వంటివి తెలుగులో కనబడుతున్నవంటే, జీతం లేకుండా ఒక్కొక్క ఆంగ్లపదానికీ తెలుగు వెదికిన స్వచ్ఛంద సేవకుల శ్రమ వాటి వెనుక ఉన్నది. ఇటువంటి సమూహాలలో చాలామంది ఒకరి ముఖం ఒకరు చూచి ఉండరు. దేశాలు వేరు, మతాలు వేరు. పరిచయమూ వ్రాతలోనే, జగడమూ వ్రాతలోనే. అందుచేతనే ఇటీవలి సంవత్సరాలలో ఇవి తమకొక నియమావళిని వ్రాసుకొనడం సాధారణమైనది.

నేను సిగ్గుపడుతున్నానని గ్రహించి కాబోలు, ఆ అమ్మాయియే నాకు ఎస్‌క్యూలైట్ సంగతి చెప్పినది. తరువాత నేనూ చదివి తెలుసుకొన్నాను. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఐఫోనులోనూ సమాచారాన్ని పదిలపరచే పనిలో ఉన్న సాఫ్ట్‌వేర్ అది. 2000వ సంవత్సరంలో అమెరికా దేశస్థుడైన డి. రిచర్డ్ హిప్ దానిని ప్రారంభించి, ఏ హక్కులూ ఉంచుకొనక ప్రజల సొత్తుగా వదలివేశాడు. దాని ఫైళ్లలో హక్కుల ప్రకటన ఉండవలసిన చోట, మంచి చేయుమనీ, క్షమించుమనీ, పుచ్చుకొన్నదానికి మించి పంచుమనీ కోరే ఒక చిన్న ఆశీర్వచనం ఉంటుంది. మన తాళపత్ర గ్రంథాల తుది ఆకున వ్రాయసకాడు 'శుభమస్తు' అని పెట్టిన అలవాటు నాకు గుర్తుకు వచ్చినది. అక్కడివరకు ఎవరికీ అభ్యంతరం కలుగలేదు.

ఆ సాఫ్ట్‌వేర్‌ను వాడుకొనే కొన్ని సంస్థల దరఖాస్తు పత్రాలలో 'మీ ప్రవర్తనా నియమావళి ఏది?' అన్న గడి ఒకటి వచ్చినదట. దానిని నింపడానికి ఆయన ఆరవ శతాబ్దపు క్రైస్తవ సన్న్యాసి సెయింట్ బెనెడిక్ట్ తన మఠవాసులకు వ్రాసిన నియమాలలోని నాలుగవ అధ్యాయాన్ని ఎన్నుకొన్నాడు. మొత్తం 72 సూత్రాలు. మొదటిది దేవుని ప్రేమించుమన్నది, చివరిది ఆయన కరుణపై ఆశ వదలవద్దన్నది. నడుమ పేదలకు సాయపడుట, రోగులను పరామర్శించుట, కోపానికి లొంగకుండుట, సణగకుండుట, చిన్నవారిని ప్రేమించుట, ప్రొద్దు క్రుంకక ముందే ప్రత్యర్థితో సమాధానపడుట మొదలైనవి. ఉపవాసమూ, శరీర నిగ్రహమూ కూడా ఉన్నవి. 2018 అక్టోబరులో ఇది పలువురి దృష్టిలో పడి పెద్ద వివాదమైనది. ఒక మతం వారి ఆరాధనను సాఫ్ట్‌వేర్ నియమంగా పెట్టడమేమని కొందరు, ఇందులో తప్పేమున్నదని కొందరు.

చివరకు ఆయన ఆ సూత్రాలను తొలగించలేదు. పేరు మార్చాడు. 'ప్రవర్తనా నియమావళి' అనక 'నైతిక నియమాలు' అన్నాడు. ఎవరూ వీటిని పాటించనక్కరలేదు, మంచివని ఒప్పుకొననూ అక్కరలేదు, ఇది మేము మీకు ఇచ్చే మాట, మీరు మాతో ఎట్లున్నా మేము మీతో ఇట్లుంటాము అని వివరణ ఇచ్చాడు. ఆ పేరు మార్పే సరియైన పరిష్కారమని నా అభిప్రాయం. అది తప్పించుకొనే మార్గమని కొందరన్నారు. నాకట్లు తోచలేదు.

ఎందుకో చెప్పుతాను. వ్రతం పట్టినవాడు దేవునికి జవాబుదారి. వ్రతభంగమైతే ఆయనకూ ఆయన దేవునికీ నడుమ తేలవలసిన సంగతి అది. ప్రవర్తనా నియమావళి అటువంటిది కాదు. దెబ్బతిన్నవాడు చేతిలోనికి తీసుకొని, "ఇదిగో, ఈ వాక్యాన్ని మీరు తప్పారు" అని పెద్దవాని ముందర నిలబడి అడగడానికి పనికి రావలెను. అట్లు అడగవలెనంటే ముందుగా ఆ పెద్దవాని దేవుని ఒప్పుకొనవలసిన అవసరం ఉండరాదు. హిప్ గారి సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసేవారు వ్రేళ్ల మీద లెక్కింపదగినవారు. బయటివారి కూర్పులను సాధారణంగా స్వీకరించరు. అంత చిన్న కుటుంబానికి వ్రతం సరిపోవచ్చును. ముక్కూ మొగమూ తెలియని వందలమంది చేరే చోట సరిపోదు.

బెనెడిక్ట్ సూత్రాలలో నన్ను ఆపినది దేవుని మాట కాదు. పైవారు తాము వేరుగా నడుచుకొంటున్నా వారి ఆజ్ఞను మాత్రం పాటింపవలెనన్న సూత్రం ఒకటి ఉన్నది. మఠంలో అది వినయాన్ని నేర్పడానికి పెట్టినది కావచ్చును. కాని ఒక సాఫ్ట్‌వేర్ సమూహంలో వేధించేవాడే పెద్ద అయితే? అది చదువగానే నాకు శ్రీరంగనీతుల సామెత నోటికి వచ్చినది. ఆ సామెతను ఇక్కడ పూర్తిచేయను. దాని రెండవ సగంలో ఒక కులాన్ని కించపరచే మాట ఉన్నది. ఏళ్ల తరబడి తరగతిలో ఆలోచించకుండా చెప్పి, ఆ తరువాత మానుకొన్నాను. మత గ్రంథమైనా, మన సామెతల మూటయైనా, నియమంగా తీసుకొనేముందు ఒక్కొక్క వాక్యాన్నీ ఆ వాక్యం క్రింద ఉండవలసిన వాని వైపు నుంచి చదివి చూడవలసి ఉన్నది.

నాకు అనువాదానికి ఇచ్చిన మూలం 2014లో అమెరికాలో కొరలైన్ ఆడా ఎంకీ రచించిన 'కంట్రిబ్యూటర్ కవెనెంట్'. 2018 సెప్టెంబరులో లినక్సు కెర్నెల్ వారు కూడా దానిని స్వీకరించారు. దానిలో ఏ దేవుడూ లేడు. మతాన్ని బట్టి ఎవరినీ వేరుగా చూడరాదన్న మాట ఉన్నది. 2021లో వచ్చిన 2.1 కూర్పులో 'కులం' కూడా చేరినది. తెలుగువారు ఎప్పుడో అడగవలసిన మాట అది.

అయితే ఇక్కడొక చమత్కారం. కవెనెంట్ అన్నమాటకు నిఘంటువు చూస్తే 'నిబంధన' అని ఉన్నది. తెలుగు క్రైస్తవులకు పాత నిబంధన, కొత్త నిబంధన అంటే బైబిలు. దేవుడు మనుష్యులతో చేసుకొన్న ఒడంబడిక అని వారి భావం. అదే మాట కార్యాలయపు గుమాస్తాకు 'షరతులు, నిబంధనలు'. కాబట్టి దేవుడు లేని పత్రానికి కూడా పేరు గుడి నుంచో చర్చి నుంచో రానే వచ్చినది. మాటలకు ఉన్న మతపు వాసనను పూర్తిగా కడిగివేయడం ఎవరి తరమూ కాదు. నేను కోరేది అది కాదు కూడా. ఉబుంటు సంగతి చూడండి. 2004లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ పేరు దక్షిణాఫ్రికా భాషలలోని మాట; సాటివారి వల్లనే మనిషి మనిషి అవుతాడన్న భావం. ఆర్చిబిషప్పు డెస్మండ్ టూటూ తన క్రైస్తవ బోధలో ఆ భావాన్ని లోకానికి చాటినవాడు. అయినా ఉబుంటు నియమావళి అడిగేవి ఏమిటి? సాటివారిని గౌరవించుట, కలిసి పనిచేయుట, పని వదలిపోయేటప్పుడు చెప్పి, ఇతరులకు ఇబ్బంది లేకుండా పోవుట. ఇవి చేయడానికి ఎవరూ మతం మార్చుకొననక్కరలేదు.

విలువలకు మతమే మూలం గదా, మూలాన్ని తీసివేస్తే మిగిలేదేమిటని మీలో కొందరు అడుగుతారు. నేనూ నిత్యం దీపం పెట్టి బయలుదేరేవాడినే. నా ఓర్పు నాకు మా అమ్మ చెప్పిన భాగవత కథల నుంచి వచ్చినది. అయితే ఓర్పుతో ఉండమని ఇతరులను అడిగేటప్పుడు ఆ కథను ఒప్పుకొనుమని అడగను. మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. దేశమంతటా బడిపిల్లలు చెప్పే ప్రతిజ్ఞను 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులోనే మొదట వ్రాశారు. తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, పెద్దలను గౌరవిస్తామని, అందరితో మర్యాదగా ఉంటామని పిల్లలు అందులో మాట ఇస్తారు. ఏ దేవుని పేరూ లేదు. అది లేనందున ఏ పిల్లవాని నోటిలోనూ ఆ మాట పలుచబడినట్లు నేను చూడలేదు.

ఇది మన బడులకూ వర్తించే విషయమే. ప్రభుత్వ గుర్తింపు గాని సహాయం గాని పొందే పాఠశాలలో, మైనరు పిల్లలను తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధలో గాని ఆరాధనలో గాని పాల్గొనవలెనని అడగరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్పుతున్నది. 1986లో కేరళకు చెందిన ముగ్గురు పిల్లల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా తెలుసుకొనదగినది. జాతీయగీతం పాడేటప్పుడు వారు మర్యాదగా లేచి నిలబడేవారు, కాని తమ మత విశ్వాసం ప్రకారం పాడేవారు కారు. వారిని బడి నుంచి తీసివేయడం తప్పని కోర్టు తేల్చినది. నిలబడడం కంటికి కనబడే ప్రవర్తన, దానిని అడగవచ్చును. లోపలి విశ్వాసాన్ని అడగరాదు. పోతన పద్యం పాఠంగా చెప్పడంలో నాకు ఏ సంకోచమూ లేదు. అది సాహిత్యం, పరీక్షలో అర్థం అడుగుతాము, భక్తిని అడగము. తరగతి గోడమీద అంటించే క్రమశిక్షణ సూత్రాలలో ఏమి వ్రాస్తున్నామో మాత్రం ఇప్పుడు రెండుసార్లు చూస్తున్నాను.

అనువాదాన్ని మళ్లీ మొదటి నుంచి చేశాను. ప్రార్థన నా నోటుపుస్తకంలోనే ఉండిపోయినది. 'ధర్మసూత్రాలు' కొట్టివేసి 'ప్రవర్తనా నియమావళి' అన్నాను. ఎన్నికల సమయంలో పత్రికల పుణ్యమా అని అందరికీ తెలిసిన మాట. పాపం ఉన్నచోట 'వేధింపు' వచ్చినది. 'మతాన్ని బట్టి' అన్నచోట 'మతం ఉన్నా, లేకున్నా' అని వ్రాయుమని ఆమె కోరినది. 'నాస్తికులు' అని వ్రాయబోయాను గాని, మా పెద్దల నోట అది తిట్టు. అందుకని ఆమె మాటే ఉంచాను.

మూలంలో లేని వాక్యం ఒకటి చేర్చవలెనని జట్టువారు నిర్ణయించారు. ఆంధ్ర, తెలంగాణలకు వెలుపల పెరిగిన పిల్లలు ఇటువంటి పనులలో చేరితే, వారి తెలుగును చూచి నవ్వడం జరుగుతున్నది. ఎవరి తెలుగునూ ఎగతాళి చేయరాదని వ్రాయవలెను. 'యాస' అంటే అందులోనే కొంత చిన్నచూపు ధ్వనిస్తున్నదని ఆమె అంటున్నది. 'మాండలికం' అంటే పాఠ్యపుస్తకపు మాట, పిల్లలకు తగలదు. మా వైపు పిల్లలు 'మా మాట' అంటారు. బళ్లారిలో, బరంపురంలో, షోలాపురంలో, యానాంలో మీ పిల్లలు తమ ఇంటి తెలుగును ఏమని పిలుచుకొంటారో దయచేసి తెలియజేయండి. ఆ వాక్యంలో ఆ ఒక్క మాట ఇంకా ఖాళీగా ఉన్నది.